ఎక్కమన్నా ఎక్కలేదు

మొదటి కాంట్రాక్టు ముగించుకుని గోపాల్‌పూర్ వచ్చినప్పుడు చుట్టాలందరూ జీతమెంత, తిండెలా ఉంటుంది అని అడిగారు. మా అయ్య ఒక్కడే "మీ ఓడ మీద నిలబడితే సముద్రం ఎంత కిందికుంటాది?" అన్నాడు. నేను సర్దే గదులు తొమ్మిదో అంతస్తులో ఉంటాయని చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే మాలాంటోళ్ళ పడవ మీకు ఆనదు" అన్నాడు.

ఆనుతుంది. కాకపోతే అది ఎలాంటి పడవో తెలియాలి.

మాది గంజాం జిల్లా ఒడ్డున తెలుగు జాలరి పేట. బళ్ళో ఒడియా, ఇంట్లో తెలుగు. ఒడియావాళ్ళు మమ్మల్ని నొలియాలంటారు. పూరీ బీచిలో మొనదేలిన టోపీ పెట్టుకుని, స్నానానికి దిగినవాళ్ళు కొట్టుకుపోకుండా కాసే నొలియాల్లో మా మేనమామ ఒకడు. నీళ్ళలోంచి మనిషిని లాగడం మా ఇంట్లో వింత కాదు. ఓడెక్కి దేశం వదలడమూ వింత కాదు. ఒకప్పుడు గోపాల్‌పూర్ నుంచే రంగూన్‌కి స్టీమర్లు వెళ్ళేవి. మా ముసలివాళ్ళు ఇప్పటికీ రంగం అనే అంటారు. ఇక రుషికుల్య నది దగ్గర తాబేళ్ళు గుడ్లు పెడతాయని నవంబరు 1 నుంచి మే 31 దాకా ఆ తీరంలో 20 కిలోమీటర్ల లోపు వేట నిషేధం. తాబేళ్ళ మీద నాకు కోపం లేదు గానీ ఏడు నెలలు పొయ్యి ఎలా వెలగాలి? మా పేట కుర్రాళ్ళు చాలామంది సూరత్ రైలెక్కేది అందుకే. నేను బరంపురంలో హోటల్ కోర్సు చేసి, సేఫ్టీ ట్రైనింగ్, మెడికల్, సీడీసీ అనే ఓడ ఉద్యోగుల గుర్తింపు పుస్తకం, అమెరికా వీసా అన్నీ అయ్యాక క్రూజ్ షిప్‌లో గదులు సర్దే పనికి కుదిరాను. ఏజెంటుకి కట్టడానికి అమ్మ గాజులు తాకట్టు పెట్టాం. ఆ గొడవ ఇప్పుడొద్దు.

2016లో, రెండో కాంట్రాక్టు. ఫ్లోరిడా నుంచి మెక్సికోలోని కొజుమెల్‌కి వెళ్ళొచ్చే ట్రిప్పు. నా వంతు 18 గదులు. సాయంత్రమయ్యేసరికి ప్రతి గదిలో పక్క సర్ది, తువ్వాళ్ళు మడిచి ఏనుగో కోతో చేసి మంచం మీద కూర్చోబెట్టాలి. ఆ రోజు ఏనుగుల వంతు. ఒక గదిలో పెద్దాయన బైనాక్యులర్స్ పెట్టుకుని బాల్కనీలో నిలబడి ఉన్నాడు. "చేపలవాళ్ళు చెయ్యి ఊపుతున్నారు, రా, చూద్దువు గాని" అని నన్ను పిలిచి, తనూ హుషారుగా చెయ్యి ఊపాడు.

చూశాను. వేటకెళ్ళిన పడవలో మనుషులు ఊరికే ఉండరు. చేతిలో వలో తాడో ఉంటుంది. ఇక్కడ ఒకడు కోసిన డబ్బాతో ఆపకుండా నీళ్ళు తోడి పోస్తున్నాడు. కర్రకి కట్టిన ఎర్ర చొక్కా ఒకటి. పడవ గాలికి అడ్డంగా తిరిగిపోయి, వచ్చిన ప్రతి కెరటాన్నీ పక్కటెముకల మీదే కాస్తోంది. ఇంజిను చచ్చిన పడవే అలా తిరుగుతుంది. నాకు అరచేతులు చెమట పట్టేశాయి. ఫోన్ చేసి చెప్తే, బ్రిడ్జి మీద, అంటే ఓడ నడిపే గదిలో, ఉన్నవాళ్ళు అప్పటికే చూశారన్నారు. కాబట్టి ఇందులో నా గొప్పేమీ లేదు.

అంత ఓడ ఆగాలంటే మాటలు కాదు. చాలా దూరం పోయి, పెద్ద చుట్టు తిరిగి వెనక్కి రావాలి. ఆగకుండా పోవడానికి మాత్రం లేదు. టైటానిక్ మునిగాక 1914లో మొదలై 1974లో ఇప్పటి రూపానికి వచ్చిన సోలాస్ అనే సముద్ర భద్రత ఒప్పందం ప్రకారం, సముద్రంలో ఆపదలో ఉన్నవాళ్ళ సంగతి తెలిస్తే కెప్టెన్ సాయానికి వెళ్ళి తీరాలి. వాళ్ళది ఏ దేశం, కాగితాలున్నాయా అన్నది అక్కడ లెక్కలోకి రాదు. మాకు ట్రైనింగులో మొదట చెప్పే పాఠాల్లో అదొకటి. అయినా 2012లో పసిఫిక్‌లో ఒక క్రూజ్ షిప్, ఇంజిను పోయిన చేపల పడవ పక్కనుంచే వెళ్ళిపోయింది. పక్షులు చూడ్డానికి వచ్చిన ప్రయాణికులు ఆ పడవని గమనించి సిబ్బందికి చెప్పారు కూడా. అందులో ఉన్న ముగ్గురిలో చివరికి ఒక్కడే బతికాడు. ఆ కథ ఓడల్లో పని చేసేవాళ్ళందరికీ తెలుసు.

దుప్పట్లు, తువ్వాళ్ళు పట్టుకుని నీటిమట్టానికి దగ్గరగా ఉండే పక్క తలుపు దగ్గరికి రమ్మన్నారు. స్టోరులో అందినన్ని సరిపోలేదు. గదుల్లోకి పరిగెత్తి, అప్పుడే చేసిన ఏనుగుల్ని తొండాలు పట్టుకుని విప్పి, చంకలో కుక్కుకుని దిగాను.

తలుపు తెరిచేసరికి పడవ కింద అందేంత దూరంలో ఉంది. దాన్ని పడవనడం మర్యాద కోసమే. రేకులు, చెక్కలు, థర్మోకోల్ దిమ్మలు, వాటిని చుట్టి కట్టిన టార్పాలిన్. మధ్యలో తుప్పు పట్టిన డీజిలు ఇంజిను. పద్నాలుగు మంది. మావాళ్ళు నిచ్చెన దించి ఎక్కమన్నారు.

వాళ్ళు ఎక్కలేదు.

నా పక్కన హోండురాస్ కుర్రాడొకడు ఉన్నాడు, వాడికి స్పానిష్ వచ్చు. "ఏమంటున్నారు?" అన్నాను. "నీళ్ళిమ్మంటున్నారు. డీజిలుంటే ఇమ్మంటున్నారు. ఫ్లోరిడా ఎటో చెప్పి మమ్మల్ని వదిలెయ్యమంటున్నారు" అన్నాడు. పెదాలు పగిలి నెత్తురు కారుతున్నవాడు, మనకేసి దణ్ణం పెట్టి పొమ్మనడం నేనెప్పుడూ చూడలేదు.

సంగతి తర్వాత తెలిసింది. వాళ్ళు క్యూబావాళ్ళు. 1995లో అమెరికా పెట్టిన పద్ధతి ఒకటుండేది: క్యూబా మనిషి ఫ్లోరిడా నేల మీద కాలు పెడితే ఉండనిచ్చేవారు, ఏడాదయ్యాక గ్రీన్‌కార్డుకి అర్జీ పెట్టుకోవచ్చు. నీళ్ళలో దొరికితే మాత్రం మామూలుగా వెనక్కే. తడికాలు, పొడికాలు అని దాని పేరు. 2017 జనవరి 12న ఒబామా దాన్ని ఎత్తేశాడు. కానీ మేం వాళ్ళకి ఎదురైన రోజున అది అమల్లోనే ఉంది. మేం దించిన నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెడితే వాళ్ళ ప్రయాణం అయిపోయినట్టే.

గంటకు పైగా బేరం నడిచింది. చివరికి వాళ్ళలో ఒకామె తల వాల్చేసింది. అప్పుడు ఎక్కారు, ముందు ఆమె, తర్వాత ఒక్కొక్కరూ. నేను చెయ్యి పట్టి లాగినవాడి మణికట్టు మీద ఉప్పు పొక్కులు చిట్లి నా గ్లవ్‌కి అంటుకున్నాయి. పాదాలు నానిపోయి ఉడకబెట్టిన పెండలంలా ఉన్నాయి. తువ్వాలు కప్పితే దాంతో మొహం తుడుచుకోలేదు, మొహం దాచుకున్నాడు.

లోపల ట్రైనింగ్ గదిలో కూర్చోబెట్టి అన్నం, నల్ల చిక్కుడుగింజల కూర పెట్టారు. బయట సెక్యూరిటీ. పైన ప్రయాణికులు కొందరు బట్టలు, చెప్పులు పోగుచేసి పంపారు. బాల్కనీ పెద్దాయన తన స్వెటర్ ఇచ్చాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఇంకొకావిడ కొజుమెల్‌లో దిగే టైము తగ్గితే డబ్బు తిరిగిస్తారా అని నన్నే అడిగింది. చీకటి పడుతుండగా కోస్ట్‌గార్డ్ ఓడ వచ్చి వాళ్ళని దింపుకుంది. వెళ్ళేటప్పుడు ఒకరిద్దరు థాంక్స్ చెప్పారు. నేను లాగినవాడు చెప్పలేదు. నాకు అతనే గుర్తుండిపోయాడు.

2014 సెప్టెంబరులో సైప్రస్ దగ్గర ఒక క్రూజ్ షిప్ సిరియా నుంచి పారిపోయి వస్తున్న 345 మందిని ఎక్కించుకుని లిమసోల్ తీసుకెళ్తే, చాలామంది దిగేది లేదని గంటల తరబడి మొండికేశారు. మమ్మల్ని ఇటలీ తీసుకెళ్ళండి అని. చదివినప్పుడు 'ప్రాణాలు కాపాడితే ఇదేం పేచీ' అనుకున్నాను. ఇప్పుడనుకోను. నా జేబులో సీడీసీ, వీసా ఉన్నాయి కాబట్టి నాకు నిచ్చెన అంటే ఎక్కేదే.

సెలవుకి ఇంటికొచ్చాక అయ్యకి ఇదంతా చెప్పాను. నేను ఐదో క్లాసులో ఉండగా ఇంజిను పాడై ఆయనా నాలుగు రోజులు కొట్టుకుపోయాడు. కార్తీకంలో నీరు దక్షిణానికి లాగుతుంది. భీమిలి అవతల విశాఖ ట్రాలరొకటి చూసి ఎక్కించుకుంది, పడవకి తాడేసి దాన్నీ లాక్కొచ్చింది. ఇంటికొచ్చాడని అమ్మ గంగమ్మకి కోడిని కోసింది.

అయ్య వల బాగుచేస్తూ చివరిదాకా విన్నాడు. వాళ్ళని ఎందుకు వెనక్కి పంపారని అడుగుతాడనుకున్నాను.

"ఆళ్ళ పడవ ఏటి సేసినారు?"

"నీళ్ళ మీద వదిలేస్తే వేరే ఓడలకి తగులుతుందని కోస్ట్‌గార్డువాళ్ళు కాల్చేశారయ్యా. మా ఓడ వెనక నుంచి చూశాను, చాలాసేపు మండింది."

సూది ఆగింది.

"ఇంజిను ఇప్పుకోలేదేటి?"

"లేదయ్యా."

"డీజిలింజినన్నావు కదా" అన్నాడు, నేను చెప్పింది తప్పేమో అన్నట్టు నా మొహంలోకి చూస్తూ.