నూలు నుంచి థౌ దాకా

మాస్టారు సన్నటి కొలతలు తీసే మైక్రోమీటర్ చేతిలోకి తీసుకునే ముందు కుడి అరచేతిని ఖాకీ ప్యాంటుకి రెండుసార్లు తుడుచుకునేవారు. తర్వాత జాబు ముక్కని, అంటే మేం చెక్కిన లోహం ముక్కని, పాత బనియన్ గుడ్డతో తుడిచేవారు. ఆ తర్వాతే కొలత. 1986 నుంచి 88 దాకా మన ఐటీఐ మెషినిస్ట్ ట్రేడ్‌లో ఉన్న మా బ్యాచ్‌లో ఎవరినడిగినా ముందు ఇదే చెబుతారు. ఆయన పేరు హాజరు పట్టీలో ఉండేదేమో గానీ మా నోట ఎప్పుడూ రాలేదు. మాకు ఆయన నేవీ మాస్టారు. ఈ సంచికకి ఆయన గురించి రాయమన్నప్పుడు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. అంతగా మనసులో ఉన్నారు.

ఆయనది ఏటికొప్పాక పక్కన, వరాహ నది దగ్గర చిన్న ఊరు. ఇంట్లో రెండెకరాల చెరకు, అన్నదమ్ములందరికీ కలిపి ఒక గానుగ. ఏటికొప్పాక లక్క బొమ్మలు మనందరికీ తెలిసినవే. అంకుడు కర్రని తిప్పుతూ ఉలితో చెక్కి, ఇంకా తిరుగుతుండగానే రంగు లక్క ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి అంటుకుంటుంది. బడి లేని రోజుల్లో మాస్టారు ఒక బొమ్మల పనివారింట్లో కర్రని తిప్పే తాడు లాగేవారట. "నేను సూసిన మొదటి లేత్ అదేరా. తాడు ఒక్క లెక్కన లాగకపోతే బొమ్మ మీద గీత పడిపోద్ది" అనేవారు. లేత్ ముందు నిలబడినప్పుడు ఆయన నోట ఊరి మాట అలా వచ్చేసేది. ఆఫీసు గదిలో మాత్రం అచ్చమైన పుస్తకం తెలుగు.

ఊళ్లో కమ్మరైనా వడ్రంగైనా లెక్క నూళ్లలో ఉండేది. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. బండి చక్రానికి, నాగలికి అది చాలు. ఎస్సెల్సీ పాసై 1960లో ఓడ యంత్రాల పని నేర్చుకునే ఆర్టిఫిషర్ అప్రెంటిస్‌గా నేవీలో చేరాక, శిక్షణకి లోనావ్లాలోని ఐఎన్ఎస్ శివాజీకి పంపారు. సముద్రం ఉన్న జిల్లా కుర్రాడు ఓడ ఎక్కకముందు కొండల మీద నెలల తరబడి ఇనుప దిమ్మెని ఆకురాయితో రాస్తూ కూర్చున్నాడు. అంగుళంలో వెయ్యో వంతు, థౌ అనే మాట అక్కడే విన్నారట. నూలులో అలాంటివి నూట పాతిక ఉంటాయని తెలిసిన రోజు అన్నం సహించలేదని చెప్పారు.

ఏటా డిసెంబరు 4న నేవీ డేకి మేం యుద్ధం కథలు చెప్పమని ఆయన వెంటపడేవాళ్లం. విశాఖలో పెరిగినవాళ్లకి ఘాజీ అంటే చెవులు నిక్కబొడుచుకుంటాయి కదా. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక ఆ పాకిస్తాన్ జలాంతర్గామి మన తీరంలోనే మునిగింది. ఆ పేలుడుకి ఇంటి కిటికీలు అదిరాయని మా నాన్న చెప్పేవాడు. మాస్టారు మాత్రం "నేనప్పుడు విశాఖలో లేను. సూడనిది చెప్పను" అని సుద్దముక్క తీసుకుని బోర్డు మీద బాయిలర్ బొమ్మ వేసేవారు.

ఆయన విమానాల్ని మోసే యుద్ధనౌక విక్రాంత్ ఇంజన్ రూమ్‌లో పనిచేశారు. యుద్ధానికి ముందటి ఏడాది, 1970లో, ఆ ఓడ బాయిలర్ల నీటి డ్రమ్ముల్లో పగుళ్లు కనిపించాయి. వెల్డింగ్‌తో అతికే పగుళ్లు కావవి. కొత్త డ్రమ్ములు బ్రిటన్ నుంచి రావాలి. నెలల తరబడి బాయిలర్లు వెలిగించలేదు. చివరికి 1971 మార్చి 1న, ఆవిరి ఒత్తిడి తగ్గించి వెలిగించారు. ఒత్తిడి తగ్గితే వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే డెక్ మీది విమానానికి ఎదురుగాలి సాయం తగ్గుతుంది. ఇదంతా బాణం గుర్తులతో గీసి చూపించేవారు. ఆ ఓడే డిసెంబరు 4న బంగాళాఖాతంలోంచి సీహాక్ విమానాల్ని అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్ మీదికీ చిట్టగాంగ్ మీదికీ పంపింది.

"మరి మీరేం చేశారు మాస్టారూ?" అని ఒకసారి మావాడొకడు అడిగాడు.

"వాల్వు స్పిండిళ్లు లేత్ మీద తిప్పేను. ఆవిరి కారకుండా సూసుకున్నాను. పైన ఏటవుతోందో మాకు కనపడదు నాయినా. కింద వేడి, సప్పుడు, అంతే."

ఆ మాట వినేటప్పటికి మాకు పదిహేడేళ్లు. కొంచెం నిరాశపడ్డాం. ఇప్పుడు ఆటోనగర్‌లో నాకు సొంత షెడ్డుంది, మూడు లేత్‌లున్నాయి. స్పిండిల్ తిప్పడమంటే ఏమిటో, దాని మీద ఎందరి ప్రాణాలు ఆనుకుని ఉంటాయో ఇప్పుడు అర్థమవుతోంది.

యుద్ధం తర్వాత ఆయన్ని విశాఖ పంపారు. అక్కడున్నవి రష్యా నుంచి వచ్చిన ఓడలు. ఇంగ్లీషు ఓడ మర, అంటే బోల్టు మీద చుట్టూ కోసే గాడి, అంగుళాల్లో ఉండి, కోణం 55 డిగ్రీలు. రష్యా వాళ్లది మిల్లీమీటర్ల లెక్క, కోణం 60. దాదాపు పదేళ్లుగా చేతికి అలవాటైన కొలత పక్కన పెట్టి, ముప్పై ఏళ్ల వయసులో మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నారు. అందుకే మాకు 127 పళ్ల గేరు గురించి అంత పట్టుగా చెప్పేవారు. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు, ఐదు అంగుళాలకి సరిగ్గా 127. లీడ్ స్క్రూ, అంటే పనిముట్టుని నడిపే మర కడ్డీ, అంగుళాల్లో ఉన్న లేత్ మీద మిల్లీమీటర్ మర సరిగ్గా కొయ్యాలంటే ఆ గేరు తగిలించాల్సిందే. మన షాపులో మూలనున్న పాత లేత్‌కి ఆ గేరుండేది. దాన్ని ఆయన ఇంకెవరినీ తుడవనిచ్చేవారు కాదు.

1975లో నేవీ నుంచి వచ్చేసి, మూడేళ్లకి మన ఐటీఐలో చేరారు. మధ్యలో ఊళ్లో చెరకు వేశారు.

ఇక నా సంగతి చెప్పాలి. 1988 ఫిబ్రవరిలో ఒక గన్‌మెటల్ ముక్క నాకిచ్చి బుష్, అంటే షాఫ్ట్ తిరిగే చోట తొడిగే గొట్టం, తియ్యమన్నారు. ముక్క ఆయన సొంత డబ్బుతో కొన్నది. తొందరలో రంధ్రం పది థౌలు పెద్దదైపోయింది. నూలులో పన్నెండో వంతు కూడా లేదు కదా అనుకుని, కొలత సరిగ్గా వచ్చిందని అబద్ధం చెప్పాను. ఆయన బుష్‌లో బొటనవేలు పెట్టి ఒకసారి తిప్పి, నేను చెప్పిన అంకే రాసుకున్నారు. ఏమీ అనలేదు.

ఆదివారం నన్ను వాళ్ల ఊరు తీసుకెళ్లారు. యలమంచిలిలో బస్సు దిగి, అక్కణ్నుంచి ఎడ్లబండి మీద వెళ్లాం. గానుగ విప్పి ఉంది. పక్కనే తెల్లారగట్ల కోసిన చెరకు నాలుగు బళ్ల మీద ఉంది. కోసిన చెరకు ఆడకుండా ఎండలో పడుంటే రసం చెడుతుంది, పాకం కట్టదు, బెల్లం అచ్చు నిలవదు. మాస్టారి అన్నయ్య, ఇద్దరు రైతులు, పెనం కింద పొయ్యి ముట్టించడానికి సిద్ధంగా ఉన్న మనిషి, అందరూ మా వంకే చూస్తున్నారు. మాస్టారు నా బుష్ షాఫ్ట్‌కి తొడిగి చేత్తో ఊపారు. టక్ టక్‌మని చప్పుడు. నా గుండె ఆగినంత పనైంది.

"కొలత నేనే తప్పు సూసేనన్నయ్యా. మద్దినేలకి అయిపోద్ది" అన్నారు.

అన్నయ్య నోరెత్తలేదు. తల పక్కకి తిప్పుకుని చెరకు బళ్ల వైపు చూశాడు. ఆ చూపు నా మీద పడాల్సింది, మాస్టారి మీద పడింది.

యలమంచిలిలో ఒక లేత్ షాపాయన్ని బతిమాలి గంటసేపు లేత్ అడిగి తీసుకున్నారు. వేరే ముక్క నా చేతికిచ్చి, తను బయట బల్ల మీద కూర్చున్నారు. లోపలికి ఒక్కసారి కూడా తొంగి చూడలేదు. నేను అరచెయ్యి ప్యాంటుకి తుడుచుకుని, బుష్ తుడిచి, కొలిచాను. మళ్లీ తుడిచి మళ్లీ కొలిచాను. అలా నాలుగుసార్లు. సాయంత్రానికి గానుగ తిరిగింది. రాత్రి పెనం దగ్గర ఆయన అరిటాకు ముక్కలో వేడి బెల్లం పెట్టి చేతికిచ్చినప్పుడు ఏడుపు ఆపుకోలేకపోయాను. "తిను, సల్లారిపోద్ది" అన్నారంతే. ఆ విషయం మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు, మా బ్యాచ్‌లో ఎవరికీ చెప్పనూ లేదు. ఈ సంచికలో చదివేదాకా నా స్నేహితులకి కూడా తెలియదు.

మాస్టారు 2011లో పోయారు. పన్నెండో రోజు వెళ్తే, మాస్టారి భార్య లోపలి నుంచి చిన్న చెక్క పెట్టె తెచ్చి నా చేతిలో పెట్టారు. "నీకివ్వమన్నారు బాబూ" అన్నారు. లోపల ఆయన నేవీ నాటి అంగుళం మైక్రోమీటర్. మూత లోపల అంటించిన చీటీ మీద నీలం సిరాతో, గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: "సున్నా దగ్గర అర థౌ ఎక్కువ చూపిస్తుంది. తీసేసి చదువుకో."

సున్నా సరిచేసుకోవడానికి దాంతోపాటు చిన్న స్పానర్ కూడా ఉంది. అర నిమిషం పని. నేను మాత్రం ముట్టుకోలేదు. ఆ మైక్రోమీటర్ తీసినప్పుడల్లా మూత తెరిచి చీటీ చదువుతాను. అర థౌ తీసేసి లెక్క రాసుకుంటాను.