ఉగ్గుగిన్నె పక్కన చిలకడదుంప

మా పెద్దవాడికి ఏడాదిన్నర వచ్చేదాకా ప్రతిదీ మిక్సీలో వేసే పెట్టాను. అన్నం, పప్పు, కేరట్, కాస్త నెయ్యి కలిపి గంధంలా రుబ్బి, వాణ్ణి చంకనేసుకుని వీధిలో ఆవునీ, డాబా మీద చందమామనీ, చివరికి సెల్‌ఫోన్‌నీ చూపిస్తూ గంటసేపు తినిపించేదాన్ని. నోరు తెరిచిన క్షణం కనిపెట్టి చెంచా లోపలికి తోసేసేదాన్ని. రెండేళ్లు దాటాక కూడా మెతుకు తగిలితే చాలు, కక్కేసేవాడు. ఇప్పుడు ఐదేళ్లవాడు, బాగానే తింటాడు. అయినా అప్పట్లో వాడు మొహం తిప్పుకున్న ప్రతిసారీ గెడ్డం పట్టుకుని ఇటు తిప్పిన నా చెయ్యి నాకు గుర్తుంది. అందుకే పాప కడుపులో ఉండగానే అనుకున్నాను, ఈసారి తిండి దాని చేతికే ఇవ్వాలని.

నేను ఆమదాలవలస దగ్గర ఒక ప్రభుత్వ బడిలో టీచర్ని. ఇల్లు శ్రీకాకుళంలో. ప్రసూతి సెలవు 180 రోజులు. బిడ్డకి తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా పట్టొద్దని చెప్పే గడువూ సరిగ్గా ఆ 180 రోజులే. అంటే పిల్లకి తిండి మొదలుపెట్టే రోజున తల్లి బడికి పోవాలి. పాప నవంబరు మొదటి వారంలో పుట్టింది కాబట్టి నాకు వేసవి సెలవులు కలిసొచ్చాయి. జూన్ 12న బడి తెరిచేలోపు దగ్గరదగ్గర నలభై రోజులు చేతిలో ఉన్నాయి. ఆ తర్వాత మధ్యాహ్నం పెట్టేది మా అత్తే. కాబట్టి నేర్చుకోవాల్సింది పాప ఒక్కర్తే కాదు, ఇంట్లో అందరమూ.

పిల్లల డాక్టరుగారిని ముందే అడిగాను. ఆయన తారీఖు చూడలేదు, పిల్లని చూశారు. మెడ నిలబడిందా, కాస్త ఆసరా ఇస్తే కూర్చుంటోందా, నోట్లో పెట్టినదాన్ని నాలుకతో బయటికి నెట్టేయడం మానిందా, మన కంచం వైపు చెయ్యి చాపుతోందా అని. నెలలు నిండి పుట్టింది, బరువు బాగానే ఉంది కాబట్టి మొదలుపెట్టమన్నారు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకీ, కూర్చోవడం ఆలస్యమైన పిల్లలకీ ఇలా తొందరపడొద్దని కూడా చెప్పారు. ఇంకో మాట గట్టిగా అన్నారు: "చేతికిచ్చి తినిపించండి, కానీ జావ మానొద్దు. ఇది పంతం కాకూడదు." అందుకే మా ఇంట్లో ఉగ్గుగిన్నె అటకెక్కలేదు. చోడి (రాగి) జావ అందులోనే పోశాం, దాని పక్కన కంచంలో ముక్కలు పెట్టాం.

ఆడపిల్లకి అన్నప్రాశన బేసి నెలలో చేస్తారు కదా, మాకు ఏడో నెల మే నెలలోనే పడింది. అరసవల్లి వెళ్లి స్వామికి దండం పెట్టుకుని వచ్చి ఇంట్లోనే చేశాం. ఉంగరంతో పరమాన్నం నాలిక్కి తాకించారు, నేను అడ్డు చెప్పలేదు. తర్వాత ఒక పెద్దావిడ తేనె సీసా తీస్తే మాత్రం చెయ్యి పట్టుకున్నాను. ఏడాది నిండని బిడ్డ పేగుల్లో తేనెలోని ఒక రకం సూక్ష్మక్రిమి మొలకెత్తి విషం తయారు చేయగలదు, అరుదే అయినా ప్రాణం మీదికి వస్తుంది. ఆవిడ నొచ్చుకుంది. నేను ఆవిడ పక్కన కూర్చుని ఇదంతా చెప్పాను.

మర్నాటి నుంచి అసలు పని. కుర్చీలూ బల్లలూ కొనలేదు. వసారాలో పాత నేతచీర పరిచి, పాపని నా రెండు కాళ్ల మధ్య నిటారుగా కూర్చోబెట్టి, ముందు స్టీలు కంచం పెట్టాను. చిలకడదుంప ఆవిరి మీద ఉడికించి నా వేలంత పొడవు ముక్కలు కోశాను. ఆరు నెలల బిడ్డ గుప్పిటతోనే పట్టుకుంటుంది, గుప్పిట్లో ఉన్నది తినడం దానికి రాదు. ముక్క సగం బయటికి ఉంటేనే నోట్లోకి పోతుంది. ఉడికిందో లేదో తెలియడానికి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి చూడాలి, సులువుగా నలిగిపోవాలి. మొదటి రెండు రోజులూ మొహానికి పూసుకుంది, చప్పరించింది, అంతే. కడుపులోకి వెళ్లింది ఏమీ లేదు. ఆ నెలలో దాని కడుపు నింపింది నా పాలే.

నాలుగో రోజు ముక్క కొరికేసింది. పళ్లు లేవు, చిగుళ్లతోనే. ఒక్కసారి నాలుక బయటపెట్టి, కళ్లు నీళ్లు తిరిగి, మొహం ఎర్రబడి ఓకరించింది. మా అత్త వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. "ఓలమ్మో! పిల్లకి పళ్లే నేవు, దుంప ముక్క ఎట్టినావేటే!" అంటూ వేలు నోట్లో పెట్టబోయింది. నేను ఆవిడ చెయ్యి ఆపాను. నా గుండె కూడా దడదడలాడుతోంది. పాప మళ్లీ ఓకరించి, ముక్కని నాలుకతో ముందుకి నెట్టి, చీర మీద పడేసి, మళ్లీ అదే ముక్క కోసం చెయ్యి చాపింది.

అత్త ఆ పూట నాతో మాట్లాడలేదు. ఆవిడ భయం నాకు అర్థమైంది. ఓకరించడం వేరు, గొంతుకి అడ్డం పడటం వేరు అని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. పసిపిల్లలకి ఓకరింపు పుట్టించే చోటు నాలుక మీద మనకంటే బాగా ముందుకి ఉంటుంది, పెరిగేకొద్దీ వెనక్కి జరుగుతుంది. ఓకరించే బిడ్డకి చప్పుడు ఉంటుంది, దగ్గు ఉంటుంది. నిజంగా అడ్డం పడ్డ బిడ్డ దగ్గలేదు, ఏడవలేదు, పెదాలు నీలంగా మారతాయి. భయపడాల్సింది ఆ నిశ్శబ్దానికి. కనపడని ముక్క కోసం వేలు పెట్టి వెతికితే అది ఇంకా లోపలికి పోతుంది. అడ్డం పడితే చేయాల్సింది వేరు: బిడ్డని ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, తల కిందికి ఉంచి, వీపు మీద రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు. రాకపోతే వెల్లకిలా తిప్పి, రొమ్ము ఎముక మీద ఐదు నొక్కులు. వచ్చేదాకా మార్చి మార్చి చేస్తూనే, ఒకరు 108కి ఫోన్ చేయాలి. డాక్టరుగారి దగ్గరికి అత్తనీ మావారినీ తీసుకెళ్లి, బొమ్మ మీద ముగ్గురం చేసి చూశాం. ఇది నేర్చుకోకుండా ముక్క చేతికివ్వకండని నాకు తెలిసిన ప్రతి తల్లికీ చెబుతున్నాను. జావ తాగించే ఇంట్లోనైనా సరే ఇది తెలిసి ఉండాలి.

మావారికి లెక్కలు కావాలి. 2016లో వచ్చిన న్యూజిలాండ్ అధ్యయనం ఒకటి చూపించాను. 206 కుటుంబాలు. ఏ తిండి ఎలా ఇవ్వాలో ముందే నేర్పి బిడ్డ చేతికిచ్చిన గుంపులో గానీ, మామూలుగా పెట్టిన గుంపులో గానీ అడ్డం పడటంలో తేడా కనబడలేదు. చేతితో తిన్నవాళ్లు ఆరో నెలలో ఎక్కువ ఓకరించారు, ఎనిమిదో నెలకి తక్కువ. మా పాపదీ అదే వరస. జూలై వచ్చేసరికి ఓకరింపు అరుదైపోయింది. అదే అధ్యయనంలో రెండు గుంపుల్లోనూ చాలామంది ప్రమాదమైన తిళ్లు పెడుతున్నారని కూడా తేలింది. మన జిల్లాలో ఆ ప్రమాదం పేరు జీడిపప్పు. పలాస నుంచి ఏ చుట్టం వచ్చినా పొట్లం తెస్తారు, ప్రేమగా పిల్ల చేతిలో ఒక పప్పు పెడతారు. పొడి చేసి జావలో కలిపితే మంచిదే. పొడి చేయకుండా పప్పుగా మాత్రం నాలుగైదేళ్లు వచ్చేదాకా వద్దు. వేరుశనగ గుళ్లు, పచ్చి కేరట్, పచ్చి ఆపిల్ ముక్క, కోయని ద్రాక్ష కూడా అంతే.

అత్తకి ఇంకో బాధ ఉంది, అది ఓకరింపు కంటే పెద్దది. అన్నం నేల మీద పడటం. పరబ్రహ్మ స్వరూపాన్ని పిల్ల కాళ్లతో తొక్కుతుంటే చూడలేకపోయేది. ఆ బాధ తప్పని నేను ఏ రోజూ అనలేదు. రెండే ముద్దలు కంచంలో పెట్టడం, ఉతికిన చీర పరచడం, మిగిలింది ఎత్తి పక్కింటివాళ్ల ఆవు కుడితిలో వేయడం అలవాటు చేసుకున్నాం. చీర దులిపే పని ఆవిడే తీసుకుంది.

తిండి కోసం వేరే వండలేదు. పప్పు ఉడికాక ఉప్పు వేయకముందే గరిటెడు తీసేదాన్ని, ఆనపకాయ ముక్కలూ అలాగే. ఎర్రగుమ్మడి, ఇడ్లీ నిలువు ముక్కలు, చోడిపిండి అట్టు, పూర్తిగా ఉడికిన గుడ్డు. ఆదివారం చేప తెస్తే ముళ్లు నేనొకసారి తీసి, అత్త మళ్లీ వేళ్లతో తడిమి చూసేది. చేప, గుడ్డు మీద నేను పట్టుబట్టడానికి కారణం ఇనుము. పుట్టుకతో వచ్చిన నిల్వ ఆరు నెలలకి తరిగిపోతుంది, తల్లిపాలలో ఉండేది చాలా తక్కువ. దుంపలూ పళ్లూ మాత్రమే చేతికిస్తే పిల్ల హాయిగా తింటుంది, రక్తం పట్టదు. ఆశ కార్యకర్త ఇచ్చిన ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు 1 మి.లీ. చొప్పున తప్పకుండా వేశాం.

మామిడిపళ్ల రోజులు కదా, కండంతా తీసేసి టెంక చేతికిచ్చాను. రెండు చేతులా పట్టుకుని అరగంట చీకింది. మోచేతుల దాకా రసం. మా పెద్దవాడు ఎదురుగా కూర్చుని తన టెంక చీకుతూ దాన్నే చూశాడు. వాడికి ఆరో నెలలో నేను అలా ఇవ్వలేదు.

జూన్ 12న బడికి వెళ్లాను. ఉదయం, సాయంత్రం పాప నా దగ్గర కంచంలో తినేది. మధ్యాహ్నం అత్త దగ్గర జావ, మెత్తటి పప్పన్నం. ఎలా పెట్టమని నేను చెప్పలేదు. భోజనాల బెల్లు కొట్టగానే ఫోన్ చేసేదాన్ని. మొదట్లో "గిన్నెడూ తినిపించీసినాను" అనేది, గొంతులో గెలిచిన సంతోషం. ఆ గిన్నె ఎలా ఖాళీ అయ్యిందో నాకు తెలుసు, అడిగేదాన్ని కాదు. తొమ్మిదో నెలకి పాప బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఒక్కో మెతుకు ఏరుకోవడం మొదలుపెట్టింది. తట్టు టీకాకి వెళ్లినప్పుడు తూస్తే 8 కిలోల 100 గ్రాములు. ఆ అంకె అత్త వీధిలో నలుగురికీ చెప్పింది.

దసరా సెలవులకి ముందు ఒక మధ్యాహ్నం ఫోన్ చేశాను. "మూడు ముద్దలు తిన్నాది," అంది అత్త. "నాలుగోది ఇస్తే నా చెయ్యి అవతలకి తోసీసినాది. సాల్లే అని గిన్నె తీసీసినాను. తప్పేటమ్మా?"

"తప్పు లేదత్తా," అన్నాను.