టీవీ లైసెన్సు, లినేకర్ గొడవ: లెస్టర్‌లో నా అనుభవం

బ్రిటన్‌లో టీవీ చూడటానికి ఒక లైసెన్సు ఉంటుంది. అది కేబుల్ బిల్లు కాదు, డిష్ రీచార్జి కూడా కాదు. ప్రభుత్వం రేటు నిర్ణయిస్తుంది, వసూలైన డబ్బు దాదాపుగా బీబీసీకి వెళ్తుంది. ఇక్కడికి కొత్తగా వచ్చిన మనవాళ్ళు కరెంటు, గ్యాస్, కౌన్సిల్ ట్యాక్స్ బిల్లులకు త్వరగానే అలవాటుపడతారు. ఈ లైసెన్సు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. అందుకే మా ఇంట్లో జరిగింది మొదటి నుంచి రాస్తున్నాను. ఎవరికైనా పనికొస్తే సంతోషం.

2024 అక్టోబరులో మేం లెస్టర్‌లో అద్దె ఇంటికి మారాం. అంతకు ముందు బర్మింగ్‌హామ్‌లో మా ఆడపడుచు వాళ్ళింట్లో ఉండేవాళ్ళం. లైసెన్సు వాళ్ళదే కాబట్టి ఆ సంగతి మాకు ఎప్పుడూ పట్టలేదు. కొత్త ఇంట్లో దిగిన కొద్ది రోజులకే ఉత్తరం వచ్చింది. దాని మీద మా పేరు లేదు, ఈ చిరునామాలో ఉంటున్నవారికి అని మాత్రమే ఉంది. ఈ ఇంటికి లైసెన్సు లేదు, లైసెన్సు లేకుండా లైవ్ టీవీ చూస్తే నేరం, 1,000 పౌండ్ల దాకా జరిమానా పడొచ్చు, తనిఖీకి మనిషి రావచ్చు అని దాని సారాంశం.

మా ఆయనకు టెన్షన్ పట్టుకుంది. అప్పటికి మా వీసా పొడిగింపు దగ్గర పడుతోంది. ఆ ఫారంలో కోర్టు శిక్షల గురించి అడిగే ప్రశ్న ఉంటుంది. వాట్సాప్‌లో తెలిసినవాళ్ళను అడిగితే ఒకరు, "అందరికీ వస్తాయండీ, చించి పారేయండి" అన్నారు. ఇంకొకరు, "గొడవెందుకు, కట్టేయండి, వీసా ముఖ్యం" అన్నారు. అసలు మీరు ఇంట్లో ఏం చూస్తారు అని మాత్రం ఒక్కరూ అడగలేదు. తేలాల్సింది ఆ ఒక్క సంగతే. ఇంట్లో టీవీ ఉన్నంత మాత్రాన లైసెన్సు అక్కర్లేదు, టీవీ లేనంత మాత్రాన తప్పించుకోనూ లేం.

రూల్స్ నేనే కూర్చుని చదివాను. నాకు అర్థమైంది ఇది. ఏ చానల్ అయినా, అది ప్రసారమవుతున్న సమయంలోనే చూసినా, రికార్డు చేసుకున్నా లైసెన్సు కావాలి. టీవీ, ఫోన్, ల్యాప్‌టాప్, దేనిలో చూసినా ఒకటే. బీబీసీ మాత్రమే కాదు, ఐటీవీ, స్కై, విదేశీ చానళ్ళు అన్నీ దీని కిందికే వస్తాయి. అంటే మన తెలుగు న్యూస్ చానల్‌ను యూట్యూబ్‌లో లైవ్ పెట్టుకుని వంట చేసుకుంటున్నా లైసెన్సు ఉండాల్సిందే. మనవాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలియదు. నేను బీబీసీ చూడను, నాకెందుకు అనుకుంటారు. బీబీసీకి సంబంధించి అదనంగా ఒకటుంది. వాళ్ళ ఆన్‌లైన్ వీడియో సర్వీసు ఐప్లేయర్‌లో ఏం చూసినా, లైవ్ కాకపోయినా, పిల్లల కార్టూన్ అయినా, లైసెన్సు కావాలి. 2016 సెప్టెంబరు నుంచి ఈ రూల్ ఉంది. నెట్‌ఫ్లిక్స్ సినిమాలు, ఓటీటీల్లో మన తెలుగు సినిమాలు, యూట్యూబ్‌లో ముందే పెట్టిన వీడియోలు, ప్రసారం అయిపోయాక పెట్టిన సీరియల్ ఎపిసోడ్లు, డీవీడీలు, వీటికి అక్కర్లేదు.

అప్పట్లో మా ఇంట్లో చూసేదంతా ఈ రెండో రకమే. గోడకున్న టీవీకి యాంటెన్నా వైరు కూడా పెట్టలేదు. ఉత్తరాన్ని చించి పారేయడం నాకు ఇష్టం లేదు, అవసరం లేనిదానికి డబ్బు కట్టడమూ ఇష్టం లేదు. లైసెన్సు అవసరం లేదని చెప్పుకోవడానికి వెబ్‌సైట్‌లోనే ఫారం ఉంది. పేరు, చిరునామా, ఈమెయిల్ ఇచ్చి, ఏం చూస్తామో ఏం చూడమో అడిగినవాటికి జవాబిస్తే చాలు. అందినట్టు ఈమెయిల్ వచ్చింది. మామూలుగా అది రెండేళ్ళు చెల్లుతుంది, మధ్యలో మన అలవాటు మారితే మనమే చెప్పాలి. ఆ తర్వాత ఉత్తరాలు ఆగాయి.

ఒక సాయంత్రం తనిఖీ ఆయన వచ్చారు. గుర్తింపు కార్డు చూపించి, అవసరం లేదని రాశారు కదా, ఒకసారి చూడొచ్చా అని అడిగారు. కోర్టు వారెంట్ లేకుండా ఆయన లోపలికి రాలేరు, వద్దనే హక్కు మనకుంది. నాకు దాచేదేమీ లేదు కాబట్టి రమ్మన్నాను. టీవీ చూసి, రాసుకుని, థాంక్స్ చెప్పి వెళ్ళిపోయారు. ఒంటరిగా ఉండే అమ్మాయిలు ఇది గుర్తు పెట్టుకోవాలి: మర్యాదగా వద్దని చెప్పడం తప్పు కాదు.

ఇదంతా జరుగుతున్నప్పుడే ఆఫీసులో గ్యారీ లినేకర్ గొడవ మొదలైంది. లినేకర్ లెస్టర్ మనిషి, ఇక్కడే పుట్టారు. వాళ్ళ నాన్నకు లెస్టర్ మార్కెట్‌లో కూరగాయలు, పళ్ళ దుకాణం ఉండేది. ఇంగ్లండ్‌కు ఫుట్‌బాల్ ఆడి, 1999 నుంచి బీబీసీలో 'మ్యాచ్ ఆఫ్ ద డే' నడిపారు. 1964లో మొదలైన ఆ ఫుట్‌బాల్ కార్యక్రమం ఇక్కడ శనివారం రాత్రి ఒక అలవాటు. లెస్టర్ సిటీ లీగ్ గెలిస్తే లోదుస్తుల్లో షో చేస్తానని మాట ఇచ్చి, 2016 ఆగస్టులో నిజంగానే అలా కనిపించారు. ఈ ఊళ్ళో ఆయన గురించి మాట్లాడితే సొంత మనిషి గురించి మాట్లాడినట్టే ఉంటుంది.

ఆ సీజన్ ఆఖర్లో ఆయన 'మ్యాచ్ ఆఫ్ ద డే' వదిలేస్తారని 2024 నవంబరులో ప్రకటన వచ్చింది. దానికి వెనక కథ ఉంది. 2023 మార్చిలో, చిన్న పడవల మీద వచ్చే వలసదారులను అడ్డుకునే బిల్లు గురించి ఆయన ట్వీట్ చేశారు. ప్రభుత్వం వాడుతున్న భాష 1930ల జర్మనీ భాషకు దూరంగా లేదన్నారు. బీబీసీ ఆయన్ని పక్కన పెట్టింది. ఆ కార్యక్రమంలో విశ్లేషకులుగా కూర్చునే మాజీ ఆటగాళ్ళు ఇయన్ రైట్, అలన్ షియరర్ కూడా మేం రాం అన్నారు. మార్చి 11న ఆ కార్యక్రమం వ్యాఖ్యాత లేకుండా, కామెంటరీ లేకుండా 20 నిమిషాలే నడిచింది. తర్వాతి వారం ఆయన తిరిగి వచ్చారు. వలస వచ్చిన మనిషిగా ఆ ట్వీట్ నా మనసుకు తగిలింది. అంత పేరున్న మనిషి మాలాంటివాళ్ళ గురించి నోరు విప్పడం నాకు చాలా పెద్ద విషయం.

ఆఫీసులో మాత్రం మాట తిరిగి తిరిగి జీతం దగ్గరికి వచ్చేది. ఆయన జీతం ఏడాదికి సుమారు 13.5 లక్షల పౌండ్లని బీబీసీ తన నివేదికలోనే ప్రకటించింది. అప్పటి లైసెన్సు ఏడాదికి 169.50 పౌండ్లు. ఆయన జీతం అంటే దాదాపు 8,000 ఇళ్ళ లైసెన్సు డబ్బు. ఇలా చెబితే ఎవరికైనా కోపం వస్తుంది. దేశంలో ఉన్న లైసెన్సులు సుమారు 2.4 కోట్లు. అంటే ఒక్కో ఇంటికి పడేది ఆరు పెన్నీల లోపే. ఈ రెండో లెక్క ఎవరూ చెప్పరు.

మా టీమ్‌లో ఒకాయన కోపంతో, లైసెన్సు డబ్బు బ్యాంకు ఖాతా నుంచి దానంతటదే కట్ అయ్యే డైరెక్ట్ డెబిట్ ఆపేశాడు. "ఆ మనిషి వెళ్ళేదాకా పైసా ఇవ్వను" అన్నాడు. ఇంట్లో మాత్రం స్కైలో ఫుట్‌బాల్ లైవ్ చూస్తూనే ఉన్నాడు. ఇంకొకావిడ, కొత్తవాళ్ళు వస్తే తను కట్టడం మానేస్తానంది. నాకు బాధేసింది. ఎవరిని పెట్టుకోవాలి, ఎవరిని పంపాలి అన్నది మన లైసెన్సు చేతుల్లో లేదు. లైవ్ చూస్తే కట్టాలి, వ్యాఖ్యాత ఎవరైనా సరే. వ్యాఖ్యాత నచ్చకపోతే ఫిర్యాదుకు వేరే దారి ఉంది. ముందు బీబీసీకి రాయాలి, వాళ్ళ జవాబు తృప్తినివ్వకపోతే కార్యక్రమం విషయంలో ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్‌కు వెళ్ళొచ్చు. 2017 నుంచి ఆ బాధ్యత ఆఫ్‌కామ్‌ది. సోషల్ మీడియాలో రాసినది కార్యక్రమం కాదు, అది ఆఫ్‌కామ్ పరిధిలోకి రాదు, బీబీసీ సొంత నియమాల కిందికి వస్తుంది. ఇదంతా నేను మా టీమ్ ఆయనకు రూల్స్ పేజీ తెరిచి చూపించాను. చదివి, మళ్ళీ డైరెక్ట్ డెబిట్ పెట్టుకున్నాడు. కోపం మాత్రం పోలేదు, అది ఆయన హక్కు.

వ్యాఖ్యాతకూ లైసెన్సుకూ సంబంధం లేదనడానికి పాత ఉదాహరణ జెరెమీ క్లార్క్‌సన్, బీబీసీ కార్ల కార్యక్రమం 'టాప్ గేర్' వ్యాఖ్యాతగా ఉండేవారు. 'టాప్ గేర్' మన దేశంలో తీసిన ఎపిసోడ్‌లో కారు డిక్కీలో టాయిలెట్ పెట్టి తిరిగినందుకు 2012లో లండన్‌లోని భారత హైకమిషన్ ఫిర్యాదు చేసింది. అప్పుడు ఆయనకు ఏమీ కాలేదు. 2015 మార్చిలో ఒక ప్రొడ్యూసర్‌ను కొట్టాక కాంట్రాక్టు పొడిగించలేదు. ఆయన్ని ఉంచమని పది లక్షలకు పైగా సంతకాలు పెట్టారు, వాటిని బీబీసీకి ఒక యుద్ధ ట్యాంకు మీద తెచ్చి ఇచ్చారు. అయినా పంపేశారు. తర్వాత వచ్చిన క్రిస్ ఎవన్స్ ఒక్క సిరీస్‌తో వెళ్ళిపోయారు. అప్పట్లో 145.50 పౌండ్లున్న లైసెన్సు మాత్రం అలాగే కొనసాగింది. వ్యాఖ్యాత మారితే లైసెన్సు మారుతుందని ఆశపడేవాళ్ళకు ఇది చాలు.

2025 మార్చిలో తెనాలి నుంచి అమ్మా నాన్నా వచ్చారు, ఆరు నెలల విజిటర్ వీసా మీద. నాన్నకు పొద్దున్నే తెలుగు న్యూస్ లైవ్ కావాలి, సాయంత్రం క్రికెట్ కావాలి. మా పాత జవాబు ఇక చెల్లదు. వాళ్ళు రాకముందే లైసెన్సు కొన్నాను. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి రేటు 174.50 అయింది, మార్చిలో కొన్నాను కాబట్టి 169.50కే వచ్చింది. కొత్తగా నెలవారీ డైరెక్ట్ డెబిట్ పెట్టుకుంటే మొదటి లైసెన్సు డబ్బంతా ఆరు నెలల్లోనే తీసుకుంటారు, నెలకు 28 పౌండ్లు దాటుతుంది. అందుకని ఒకేసారి కార్డుతో కట్టేశాను. ఇంటికి ఒక్క లైసెన్సు చాలు, ఇంట్లో ఎన్ని టీవీలున్నా, అమ్మా నాన్నా తమ ఫోన్లలో చూసుకున్నా అదే సరిపోతుంది.

నాన్నకు ఈ విషయం చెబితే ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "మాకూ ఉండేది కదమ్మా, రేడియో లైసెన్సు. పుస్తకం పట్టుకుని పోస్టాఫీసుకు వెళ్ళి కట్టి వచ్చేవాళ్ళం" అన్నారు. మన దగ్గర 1980ల మధ్యలో దాన్ని ఎత్తేశారు. ఇక్కడ రేడియో లైసెన్సు 1971లోనే పోయింది, టీవీది మిగిలింది. "కట్టామా, నిశ్చింతగా చూశామా, అంతే" అని నాన్న రిమోట్ అందుకున్నారు.

కొన్న కొద్ది రోజులకు ఒక ఈమెయిల్ వచ్చింది, మీ చెల్లింపు ఫెయిలైంది, ఇక్కడ నొక్కి కార్డు వివరాలు ఇవ్వండి అని. అచ్చం అసలుదానిలాగే ఉంది. నేను లింకు నొక్కలేదు. వెబ్‌సైట్ అడ్రసు నేనే టైప్ చేసి లాగిన్ అయి చూస్తే లైసెన్సు భేషుగ్గా ఉంది. ఇలాంటి మోసాలు ఇక్కడ ఎక్కువ, డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు.

మే నెలలో లినేకర్ కథ ముగిసింది. జియోనిజం, అంటే యూదులకు సొంత దేశం ఉండాలన్న వాదం, గురించి ఆయన పంచుకున్న ఒక పోస్టులో ఎలుక బొమ్మ ఉంది. యూదులను ఎలుకలుగా చూపించడం నాజీల ప్రచారంలో ఉన్న పద్ధతి. తాను గమనించలేదని తీసేసి, క్షమాపణ చెప్పారు. అయినా మే 19న, బీబీసీని పూర్తిగా వదిలేస్తున్నట్టు ప్రకటన వచ్చింది. 25న చివరి 'మ్యాచ్ ఆఫ్ ద డే'. 2026 వరల్డ్ కప్ కూడా ఆయనే చేస్తారని అంతకు ముందు అనుకున్నారు, అదీ పోయింది. 2023లో ఆయన పక్షాన ఉన్న నేను ఈసారి వెళ్ళిపోవడమే సరైనదనుకున్నాను. క్షమాపణ నిజమే కావచ్చు, కానీ ఆ బొమ్మ చూసిన యూదు కుటుంబాల భయం కూడా నిజమే. ఆయన స్థానంలో మార్క్ చాప్‌మన్, కెల్లీ కేట్స్, గాబీ లోగన్ ముగ్గురూ వంతులవారీగా చేస్తారని జనవరిలోనే చెప్పారు. ఆగస్టులో మా ఆయన, నాన్న కలిసి కొత్తవాళ్ళ షో చూశారు.

సెప్టెంబరులో అమ్మా నాన్నా వెళ్ళాక లైసెన్సు రద్దు చేసుకుని, మిగిలిన పూర్తి నెలలకు డబ్బు వెనక్కి అడగొచ్చు. మేం అడగలేదు. పాప ఐప్లేయర్‌లో పిల్లల కార్యక్రమాలకు అలవాటుపడింది, ప్రకటనలు లేకుండా అంత మంచివి ఇంకెక్కడా దొరకవని నాకూ అనిపించింది.

ఇప్పుడు ఇక్కడి డి మాంట్‌ఫర్ట్ యూనివర్సిటీకి వచ్చే మన పిల్లలు నన్ను అడుగుతుంటారు. వాళ్ళ సంగతి కొంచెం వేరు. ఇల్లంతా కలిపి ఒకే అగ్రిమెంటు ఉంటే మామూలుగా ఒక లైసెన్సు సరిపోతుంది. ఒక్కో గదికి ఒక్కో అగ్రిమెంటు ఉంటే, తన గదిలో లైవ్ చూసేవాళ్ళు విడిగా తీసుకోవాలి. అమ్మానాన్నల ఇంటికి లైసెన్సు ఉంటే చార్జర్ పెట్టకుండా ఫోన్‌లో చూసుకోవచ్చన్న వెసులుబాటు విద్యార్థులకు ఉంది. కానీ ఆ ఇల్లు ఇక్కడ ఉండి దానికి లైసెన్సు ఉండాలి. గుంటూరులోనో వరంగల్‌లోనో ఉన్న ఇల్లు లెక్కలోకి రాదు. కిందటిసారి అడిగిన ఇంట్లో ఐదుగురు అబ్బాయిలు, గదికో అగ్రిమెంటు. ఒకడు క్రికెట్ లైవ్ చూడకుండా ఉండలేనన్నాడు, వాడు కొనుక్కున్నాడు. లైవ్ చూడని మిగతావాళ్ళ చేత అవసరం లేదని ఫారం నింపించాను. కొన్న అబ్బాయికి, చదువు అయిపోయి గది ఖాళీ చేసేటప్పుడు వాడని నెలల డబ్బు అడగమని చెప్పి పెట్టాను.