మంచు వదులుతున్న సరస్సు

నేను నడకకు వెళ్ళే సరస్సు మీద మంచు పలక ఈ వారం ఎటూ తేలని స్థితిలో ఉంది. ఒకనాడు ఎండ కాసి ఒడ్డు వెంబడి నీళ్ళు బయటపడతాయి. మర్నాడు మళ్ళీ మంచు కురిసి, కరిగిందనుకున్న చోటంతా తెల్లబడుతుంది. గాలి వెచ్చబడితే మంచు కరుగుతుందని తేలిగ్గా అనేస్తాం గానీ, ఎక్కువ పని చేసేది ఎండ. కొత్తగా కురిసిన మంచు తనపై పడిన వెలుతురులో 80 శాతం దాకా తిప్పికొడుతుంది కనుక, రెండంగుళాలు కురిసినా కరగడం వెనక్కు పోతుంది. వాన పడి ఆ తెల్లటి పొర కొట్టుకుపోయిన తరువాత, నల్లగా బయటపడిన గట్టి మంచు గుండా వెలుతురు లోపలికి దిగి కింది నీటిని వేడిచేయడం మొదలుపెడుతుంది.

అయినా తొందరేమీ ఉండదు. సున్నా డిగ్రీల దగ్గర ఉన్న ఒక గ్రాము మంచు అదే ఉష్ణోగ్రత గల నీరుగా మారడానికి 80 కేలరీల వేడి కావాలి. అంతే వేడితో ఆ నీటిని 80 డిగ్రీల దాకా కాచవచ్చు. ఒకటి రెండు వెచ్చని మధ్యాహ్నాలు అందుకు ఏ మూలకూ చాలవు.

ఈ దశలో మందం చూసి మోసపోవడం సులువు. ఒడ్డుకు కొట్టుకువచ్చిన పెచ్చును చేతిలోకి తీసుకుని కాస్త తట్టితే, జానెడు మందమున్నది కూడా వేలి లావు నిలువు కడ్డీలుగా విడిపోతుంది. స్ఫటికాలు కలుసుకునే అతుకుల దగ్గరే ముందుగా కరుగుతుంది గనుక, పలక పైకి చెక్కుచెదరనట్టు కనిపిస్తూనే లోపల కొవ్వొత్తుల కట్టలా మారి ఉంటుంది. అలాంటి పెచ్చులు అలలకు ఒకదానికొకటి తగిలినప్పుడు సన్నని గలగల వినిపిస్తుంది. వినడానికి బాగానే ఉంటుంది, కాని జనవరిలో బండిని మోసిన మందమే ఏప్రిల్‌లో మనిషిని మోయకపోవచ్చు. అప్పుడు కూడా చేపల కోసం దానిమీదికి వెళ్ళేవారిది నా దృష్టిలో ధైర్యం కాదు, మొండితనం.

చివరి పని గాలిది. బలహీనపడిన పలకను అది ఒక్క మధ్యాహ్నంలో ముక్కలుచేసి ఎదుటి ఒడ్డున కుప్పపోయగలదు. ఆ తరువాత పైనీరు వెచ్చబడి 4 డిగ్రీలకు చేరేసరికి పైనీటికీ అడుగునీటికీ సాంద్రతలో తేడా ఉండదు కనుక, అదే గాలికి సరస్సంతా కలగలిసి ప్రాణవాయువు అడుగుదాకా చేరుతుంది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మెండోటా సరస్సుపై మంచు పట్టిన, విడిన తేదీలను 1850ల నుంచి రాస్తూ వచ్చారు. ఆ లెక్క ప్రకారం అక్కడ మంచు నిలిచే కాలం సుమారు నెల రోజులు తగ్గింది. మంచు ముందుగా పోయిన ఏడు పైనీరు కూడా ముందుగానే వేడెక్కి వేరే పొరగా నిలబడిపోవచ్చు. అప్పుడు అడుగున ఉండే జీవులు వసంతంలో దొరికిన ఆ ప్రాణవాయువుతోనే శరదృతువు దాకా, మునుపటికన్నా ఎక్కువ రోజులు నెట్టుకురావలసి ఉంటుంది.