అల్లుడి గడపలో ఉగాది

2025లో ఉగాది ఆదివారం పడింది, మార్చి 30న. దేవుని కడపకు పోదామని నేనంటే అత్తమ్మ గొణిగింది: "పండగ పూట ఇంట్లో పొయ్యి వెలిగించకుండా ఊరు పోతారా ఎవరైనా?" గొణుగుతూనే తెల్లవారుజామున తలస్నానం చేసి, నాకంటే ముందే చెప్పులేసుకొని వాకిట్లో నిలబడింది.

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడప. బస్సులో సగం నిద్ర. దిగాక ఆటో అబ్బాయితో అత్తమ్మ బేరం. గెలుపు ఎవరిదో చెప్పక్కర్లేదు, దిగేటప్పుడు ఆ అబ్బాయే నవ్వి దండం పెట్టాడు.

తిరుమలకు ఇది తొలి గడప అని మా వైపు పెద్దలంటారు. పూర్వం నడిచిపోయే యాత్రికులు ముందు ఇక్కడి లక్ష్మీ వేంకటేశ్వరుణ్ణి చూసి, తర్వాతే కొండకు పోయేవాళ్లట. అన్నమయ్య ఈ స్వామిని కడపరాయడని పిలిచి పాడుకున్నాడు. ఇవన్నీ తెలిసిన సంగతులే. నేను వచ్చింది మాత్రం క్యూ చూడటానికి.

క్యూలో మా ముందు బురఖాలు, వెనక తెల్ల టోపీలు. అత్తమ్మ నా మోచెయ్యి గిల్లి, "గుడికే వచ్చినామా?" అంది. ముందున్న పెద్దామె విననే విన్నది. వెనక్కి తిరిగి, "గుడికే వచ్చినారమ్మా, యాడనుంచి?" అని నవ్వింది. ఆమె చేతిలో గుడ్డసంచి. బియ్యం, కందిపప్పు, చింతపండు, బెల్లం, పైన ఒక టెంకాయ. స్వామికి భత్యమట.

"మా ఆడబిడ్డనిచ్చిన ఇల్లమ్మా ఇది. పండగ పూట వట్టి చేతుల్తో పోతామా?"

ఆడబిడ్డ అంటే బీబీ నాంచారమ్మ. ఢిల్లీ సుల్తాను కూతురు స్వామి విగ్రహాన్ని ప్రేమించి, దాన్ని తీసుకుపోతుంటే వెనకే వచ్చేసిందని కథ. మేల్కోటలో ఈ కథలోకి రామానుజులు వస్తారు. శ్రీరంగంలో ఆమె తుళుక్క నాచ్చియార్, ఆమె పేరున రంగనాథుడికి రొట్టెలు నైవేద్యం పెడతారు. కడపలో ఆమె వెంకన్న ఇల్లాలు, ఆయన ముసల్మానుల ఇంటల్లుడు. ఆ సుల్తాను ఎవరు, ఏ సంవత్సరం అని చరిత్ర చదివినవాళ్లు అడుగుతారు. అడగనీ. నాకైతే ఆ సంచిలో చింతపండు ఎవరు పెట్టించారన్నదే పెద్ద ప్రశ్న. పెద్దామెను అడిగాను. "మా అత్త తెచ్చేది. ఆమె పోయినాక నేను తెస్తన్నా," అంది.

నాకిది కొత్తగా అనిపించకపోవడానికి కారణముంది. మా పుట్టిల్లు ఆళ్లగడ్డ దగ్గర పల్లె. 2022 నుంచి అది నంద్యాల జిల్లా, నా నోటికి మాత్రం ఇంకా కర్నూలు జిల్లానే వస్తుంది. మా అహోబిలం నరసింహుడు చెంచుల అల్లుడు. హిరణ్యకశిపుణ్ణి చంపిన కోపం చల్లారక అడవిలో తిరుగుతుంటే చెంచులక్ష్మి కనబడింది. "పిల్లనియ్యమంటే ఊరికే ఇస్తారా? తేనె తియ్యి, గడ్డలు తవ్వు అన్నారు చెంచులు," అని చెప్పేది మా అవ్వ. దేవుడు గునపం పట్టుకొని గడ్డలు తవ్వే ఘట్టం దగ్గర ఆమె గొంతులో ఎగతాళి వినిపించేది, ఆడపిల్లల్ని కన్నవాళ్ల ఎగతాళి.

కనుమనాడు పారువేట మొదలు. పల్లకి మీద చెంచులు బాణాలు వేస్తారు, బావగారితో సరసం మరి. ఆ తర్వాత స్వామి నలభై రోజులు ముప్పైకి పైగా ఊళ్లు తిరిగి, తన పెళ్లికి రమ్మని తానే పిలుస్తాడు. పల్లకి మా ఊరొచ్చే రోజు ఇల్లు అలికి, ముగ్గేసి, చుట్టాలకు కబురు పెట్టేవాళ్లం. పత్రిక అచ్చేయించి పోస్టులో పంపే పెళ్లివారిని మా నాయన ఇప్పటికీ తప్పుబడతాడు: "నరసింహస్వామే గడప గడపకూ వచ్చి పిలుస్తాడు, వీళ్లకేమొచ్చింది?"

దర్శనం రెండు నిమిషాలే. పూలదండల సందులోంచి స్వామి మొహం కనిపించింది, ఎవరో భుజం తట్టి జరగమన్నారు, అంతే. బయటికొచ్చి మంటపం నీడలో కూర్చున్నాం. పెద్దామె ప్రసాదం నోట్లో వేసుకోకుండా కొంగున ముడేసుకుంది. అత్తమ్మ మొహం మారింది, మరి తినదా అని. ఆమెకు అర్థమైపోయింది.

"రోజాలో ఉన్నానమ్మా. నెలంతా ఉన్నా, ఈ ఒక్కరోజు ఇడిస్తే ఎట్లా? పొద్దు గూకినాక మొదట ఇదే తింటా."

రంజాన్ మర్నాడే అని అప్పటిదాకా నాకు తట్టలేదు. మాకు ఉగాది పచ్చడి లేదని తెలిసి ఆమె సంచి అడుగు నుంచి కొంచెం బెల్లం, గుడి బయట కొన్న వేపపువ్వు తీసిచ్చింది. అత్తమ్మ రెండూ కలిపి నమిలి, "చేదెక్కువైంది," అంది. అంటూనే మళ్లీ చెయ్యి చాపింది.

తిరుగు బస్సు మైదుకూరు చేరేసరికి చీకటి పడుతోంది. ముందు సీట్లో పిల్లాడు నెలవంక కనబడిందని అరిచాడు. అందరూ ఎడమవైపు కిటికీల మీదికి ఒరిగారు. అత్తమ్మ కూడా చూసి, చేతులు జోడించి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆళ్లగడ్డ దాటుతుండగా అడిగింది:

"ఏమే, ఆయనా ఈయనా ఒక్కరే గదా. అట్లయితే మీ చెంచులూ ఆమెవాళ్లూ ఒకరికొకరు ఏం వరస?"

వేళ్లు మడుస్తూ నేనింకా లెక్కపెడుతుండగానే ఆమె నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది.