గుడ్లు కడిగిన పాపం

ముట్టుకుంటే కంపు కొట్టే ఆ డాలు ఆకారపు పురుగులంటే నాకెందుకో ఇష్టం. పోయినేడు ఒకటి ఆకు అడుగున 28 గుడ్లు పెడితే, ఆకుతో సహా సీసాలో పెట్టుకున్నాను. బూజు పడుతుందేమోనని ఒకటే టెన్షన్. అతిశుభ్రం కదా నాది, పలుచటి బ్లీచ్ నీళ్లతో గుడ్లన్నీ కడిగేశాను.

పిల్లలైతే బయటికొచ్చాయి. ఖాళీ పెంకుల మీదే గుంపుగా కూర్చుని, సూదిలాంటి మూతితో వాటినే పొడుస్తూ ఉన్నాయి. లేత కాయ పెట్టినా అటు చూడలేదు. సంగతి తర్వాత తెలిసింది. గుడ్లు పెట్టేటప్పుడు తల్లి తన పేగుల్లోని బ్యాక్టీరియాను పెంకులకు పూస్తుంది, పిల్లలు ముందుగా పీల్చేది దాన్నే. మొక్కల రసంలో చాలని అమైనో ఆమ్లాలు, విటమిన్లు వాటికి సమకూర్చేది ఆ బ్యాక్టీరియానే. నేను శుభ్రంగా కడిగేసింది కూడా దాన్నే! సగానికి పైగా చచ్చిపోయాయి. మిగిలినవి పాలిపోయి, ఎదుగూబొదుగూ లేకుండా ఉండిపోయాయి.

అన్ని పురుగులూ ఇంతే అనుకోకండి. చిక్కుడు జాతి మొక్కల్ని పీల్చే ఒక పురుగుకి తల్లి ఏమీ ఇవ్వదు. ప్రతి తరమూ బర్క్‌హోల్డేరియా అనే బ్యాక్టీరియాను మట్టిలోంచే తెచ్చుకోవాలి. 2012లో జపాన్ పరిశోధకులు ఇంకో వింత చూపించారు: ఫెనిట్రోథియాన్ అనే పురుగుమందును అరిగించుకోగల బర్క్‌హోల్డేరియా రకం పేగులో చేరితే, ఆ పురుగు మందును తట్టుకుంటుంది. పైగా అదే మందు పదేపదే చల్లిన మట్టిలో ఆ రకమే పెరుగుతుంది!

ఇప్పుడు సీసాలో మళ్లీ గుడ్లున్నాయి. మూత కూడా తీయలేదు.