గండికోట నుంచి ఫెస్ట్‌నింగెన్ దాకా, సుత్తి లేకుండా

ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవుల్లో, ఫెస్ట్‌నింగెన్ అనే ఒడ్డున రాతి పొరలు చూడ్డానికి వెళుతూ సుత్తి పట్టుకెళ్లడమే నా తప్పు. నార్వేలోని స్టావంగర్‌లో మూడు దుకాణాలు తిరిగి కొన్నాను. దాని బరువుకు విమానంలో అదనంగా కూడా కట్టాను. తీరా స్వాల్‌బార్డ్‌లోని ముఖ్య ఊరు లాంగియర్‌బీన్ రేవులో గైడ్ అమ్మాయి నా సంచి వైపు చూసి, "అది ఇక్కడే వదిలెయ్యండి. ఫెస్ట్‌నింగెన్‌లో రాయి కొట్టకూడదు, 2003 నుంచి రక్షిత ప్రాంతం" అంది. డబ్బు కట్టించుకున్నప్పుడే ఈ ముక్క చెబితే ఏం పోయేది? తన భుజాన మాత్రం తుపాకీ ఉంది. అది ఎలుగుబంట్ల కోసమట.

ఎమ్మెస్సీ జియాలజీ చదివాను గానీ, ఎనిమిదేళ్లుగా చేత్తో పట్టుకున్నది మౌస్ ఒక్కటే. బారెంట్స్ సముద్రం అడుగున ఉన్న పొరల పేర్లు రోజూ తెర మీద చూస్తుంటాను: టొర్స్క్, క్వైటె, కోల్ములె. మూడూ చేపలే. రాతి పొరకు దగ్గర్లోని ఊరి పేరో కొండ పేరో పెట్టడం ఆనవాయితీ. నడిసముద్రంలో ఊరెక్కడిది? అందుకని చేపల పేర్లు, సీళ్ల పేర్లు పెట్టేశారు. ఆ సముద్రపు పొరల్లో కొన్నింటి తోబుట్టువులు స్వాల్‌బార్డ్‌లో నేల మీదే కనబడతాయంటే, 2019 జులైలో సెలవు పెట్టి బయల్దేరాను.

లాంగియర్‌బీన్ గురించి ఎక్కువ చెప్పను. అమ్మకం పన్ను లేని ఊరని మురిసిపోయాను. మందు చవకే, ఎటొచ్చీ నేను తాగను. దోసకాయ ధర చూసి చేతిలోది మళ్లీ బుట్టలో పెట్టేశాను. నచ్చింది ఒక్కటే, హోటల్ గుమ్మంలో చెప్పులు విప్పించడం. బొగ్గు గనుల కాలం నాటి అలవాటట. మా అమ్మ చూస్తే సంతోషించేది.

పడవలో రెండు గంటలు. సగం దూరం కళ్లు మూసుకునే ఉన్నాను, కారణం అడక్కండి.

ఒడ్డున దిగాక మాత్రం తిక్కంతా దిగిపోయింది. పొరలన్నీ నిట్టనిలువుగా నిలబడి ఉన్నాయి! స్వాల్‌బార్డ్ నేల గ్రీన్‌లాండ్ పక్కనుంచి ఒరుసుకుంటూ జరిగిన రోజుల్లో ఇలా లేచి నిలబడ్డాయట. బేతంచెర్ల పాలిష్ ఫ్యాక్టరీల ముందు వరసగా ఆనించిన నాపరాళ్లే గుర్తొచ్చాయి. ఒడ్డెంట నడుస్తుంటే కోట్ల ఏళ్లు పక్కనుంచి పోతుంటాయి. మొదట కాప్ స్టారొస్తిన్, చెకుముకిలాంటి గట్టి రాయి, మధ్యలో గవ్వల అచ్చులు. స్టారొస్తిన్ అనే రష్యన్ వేటగాడు ఈ దిక్కున ఎన్నో చలికాలాలు గడిపాడు. ఆయన పేరు ముందు సముద్రంలోకి చొచ్చిన నేల కొసకొచ్చింది, అక్కణ్ణుంచి రాతికి. దాని పక్కనే మెత్తటి నల్ల పొర, వార్డెబుక్తా. 25 కోట్ల ఏళ్ల కిందట ప్రపంచమంతటా సముద్ర జీవాల్లో అత్యధికం చచ్చిపోయిన కాలం ఈ రెండు పొరల సరిహద్దు దగ్గర్లోనే ఉంది. ఒక చెయ్యి అటు, ఒక చెయ్యి ఇటు పెట్టి నిలబడ్డాను. సుత్తి ఉంటే కొట్టేవాణ్ణే, అబద్ధమెందుకు.

ఇంకా ముందుకెళితే నీళ్లలోకి చొచ్చుకుపోయిన ఇసుకరాతి గోడ. 1960లో డైనోసార్ అడుగులు దొరికింది ఈ రాతిలోనే. నాకైతే ఒక్కటీ కనబడలేదు. "ఫెస్ట్‌నింగెన్ అంటే మా భాషలో కోట" అంది ఆ అమ్మాయి.

"మాకూ ఒక కోట రాయి ఉంది, గండికోట క్వార్ట్‌జైట్" అన్నాను. తను వెంటనే నోట్‌బుక్ తీసి నా ముందు పెట్టింది. గండికోట పొర కింద తాడిపత్రి, దాని కింద పులివెందుల అని గీస్తూ పోయాను. మళ్లీ గండికోట పైకొచ్చి, నార్జి సున్నపురాయి దాకా వచ్చేసరికి చెయ్యి ఆగింది. అదే మా అవ్వ ఇంట్లో పరిచిన నాపరాయి. మే నెల మధ్యాహ్నాలు చొక్కా విప్పి దాని మీద బోర్లా పడుకునేవాళ్లం, ఒక చోటు వేడెక్కితే పక్కకు దొర్లేవాళ్లం. ఈ సంగతంతా ఇంగ్లీషులో చెప్పడం నావల్ల కాలేదు. "ఇంట్లో నేలకు వాడతాం" అని ఊరుకున్నాను.

"అయితే మీ రాళ్ల పేర్లన్నీ మనుషులున్న ఊళ్లవేనా?" అంది. అసూయగా అన్నట్టే అనిపించింది.

అంతలో పొగమంచు కమ్మింది. పదడుగుల అవతల ఏముందో కనబడకపోతే తుపాకీ ఉండీ ఏం లాభం? పడవెక్కమంది. బొగ్గు పొరలున్న ఫిర్కాంటెన్ ఇంకా ముందుంది, చూడకుండానే వెనక్కొచ్చాం.

రేవులో నా సంచి నాకిచ్చేశారు. సుత్తి పిడికి ధర చీటీ ఇంకా అంటుకునే ఉంది.